పడవ పలక మీద పేరు

మా అన్న రఘునాథన్ చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేదంతా కోపంతోనే చెబుతాను. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

అప్పట్లో పుదుచ్చేరిలో, ఉప్పళంలోని మా ఇంటి మేడ మీద గదిలో అన్న వెబ్‌సైట్లు తయారు చేసేవాడు. దాన్ని అమ్మ ‘కొట్టు’ అనేది, అన్న ‘ఆఫీసు’ అనేవాడు. కంప్యూటర్లు రెండు, ఒక స్కానరు, ఒక డిజిటల్ కెమెరా, ఎప్పుడూ కిర్రుమనే ఫ్యాను. ఊళ్లో హోటళ్లకూ తోలుసంచులు అమ్మే షాపులకూ సైట్లు చేసేవాడు గానీ, మాకు తిండి పెట్టింది మాత్రం బ్యాక్‌గ్రౌండ్లే. వెబ్ పేజీలో అక్షరాల వెనక ఏదో ఒక రంగో నేతో గోడో పరిచి ఉంటుంది చూడండి, అవి. చిన్న చదరం ఒకటి, టైల్ అంటారు దాన్ని, చేసి ఇస్తే చాలు, కంప్యూటర్ దాన్నే పక్కపక్కన, కిందా మీదా పరుచుకుంటూ పోతుంది. అలా పరిచినప్పుడు అతుకు కనబడకూడదు. కుడి అంచు ఎడమ అంచులో, పై అంచు కింది అంచులో కలిసిపోవాలి.

ఆ కలిపే పని నాది. గోనెసంచి, కొబ్బరి పీచు, మా వంటింటి ఎర్ర గచ్చు, తడి ఇసుక, ఏది కనబడితే దాన్ని అన్న ఫోటో తీసి తెచ్చేవాడు. నేను కంప్యూటర్లో దాన్ని నాలుగు ముక్కలు చేసి అటుదిటు మార్చి, మధ్యలో తేలిన అతుకును కొద్దికొద్దిగా చెరిపేదాన్ని. అతుకు ఒక్కటే చెరిపితే సరిపోదు. చదరంలో ఎక్కడైనా ఒక మచ్చో గీతో కొట్టొచ్చినట్టు ఉంటే, పేజీ పొడుగునా అదే మచ్చ వరసగా మళ్లీ మళ్లీ కనబడి గుట్టు బయటపెడుతుంది. అందుకని కన్ను ఆగే ప్రతి గుర్తునూ తీసెయ్యాలి. పూర్తయిన చదరాలను విదేశంలో ఒక కంపెనీ కొని, సీడీల్లో పెట్టి, లోకమంతా ఉన్న డిజైనర్లకు అమ్ముకునేది.

నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. కాదని అబద్ధం చెప్పను.

మా వీధికి చేపలు తెచ్చే కనగం సముద్రపొడ్డు జాలరిపేట వైతికుప్పం మనిషి. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని వచ్చి మా గడప ముందు దించేది. మేం ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆమెకు తమిళం ఒక్కటే వచ్చు కాబట్టి ఆమె మాటలు ఇక్కడ నేను తెలుగు చేసి చెబుతున్నాను. సెలవు రోజుల్లో కూతురు మలర్ కూడా ఆమె వెంట వచ్చేది. ఎనిమిదో తరగతి చదివేది. కింద మా అమ్మ జయమ్మాళూ కనగమూ చేప మొప్పలు తెరిచి చూసుకుంటూ వాదించుకుంటుంటే, మలర్ మేడెక్కి వచ్చి నా కుర్చీ వెనక నిలబడేది. ఊరికే నిలబడే పిల్ల కాదు.

“ఈ పచ్చ బాగలేదు అక్కా. పాచి మాదిరి ఉంది.”

“పాచే గదే అది. గోడ మీద పాచిని ఫోటో తీసినాడు మా అన్న.”

“అయితే మాత్రం? పాచి కూడా ఇంతకంటే బాగుంటాది. నువ్వు మా పడవ చూడు ఒకసారి. నీలం నేనే ఎంచి తెచ్చినా. పేరు గూడా నేనే రాసినా, పసుపు రంగుతో. మా నాన్నకు రాయను రాదు గదా.”

పడవకు పెట్టింది ఆమె పేరే. తన పేరు తానే రాసుకున్నందుకు కుప్పంలో తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని చెబుతూ తనే నవ్వేది.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆ ఆదివారం పొద్దున సముద్రం లేచి వచ్చింది. ఆ రోజు గురించి అందరూ అన్నీ చెప్పేశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. మా ఇంటికి నీళ్లు రాలేదు. వైతికుప్పం వైపు జనం పరుగెత్తుతున్నారని వినగానే అన్న బండి తీసుకుని వెళ్లిపోయాడు. విరిగిన పడవల మధ్య నుంచి మలర్‌ను బయటికి తీసింది అన్నే. రెండు చేతుల మీద మోసుకుంటూ రోడ్డు దాకా వచ్చి, దొరికిన వ్యానులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారిలోనే పోయిందని అక్కడ చెప్పారు. ఆ సాయంత్రం అన్న ఇంటికొచ్చి కొళాయి దగ్గర కూలబడితే, ఇసుకతో గట్టిపడిన చొక్కాను అమ్మే విప్పి, చిన్నపిల్లవాడికి పోసినట్టు నీళ్లు పోసింది.

మా అన్న చెడ్డవాడు కాడని ముందే చెప్పింది ఇందుకే.

తర్వాత కొన్నాళ్లకు కెమెరా తీసుకుని కుప్పానికి వెళ్లాడు. పడవలు ఎట్లా పోయాయో ఫోటోలు తీసి సేవాసంస్థలకు పంపితే కొత్త పడవలిస్తారని అక్కడివాళ్లకు చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు, పంపాడు కూడా. కనగం మొగుడు చెల్లప్పన్ ఇసుకలో బోర్లా పడి ఉన్న తమ పడవ పలకను తన చేతులతో ఎత్తి, పేరు కనబడేటట్టు కెమెరా ముందు నిలబెట్టాడట. ఆ తర్వాత బుల్‌డోజరు వచ్చి ఆ చెక్కలన్నిటినీ ఊడ్చి ఎక్కడికో ఎత్తుకుపోయింది.

జనవరి నడిమిలో ఆ విదేశీ కంపెనీ నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. ఆ రోజుల్లో వెబ్ డిజైన్‌లో అదో మోజు. అరిగిపోయినవి, పెచ్చులూడినవి, తుప్పు పట్టినవి, చిరిగినవి కావాలి. కొత్తగా నున్నగా ఉన్నవి ఎవరికీ వద్దు. మనూళ్లో లేని తుప్పా అనుకుని నేను పాత గేట్ల ఫోటోలు వెతుకుతున్నాను. అన్న నా పక్కకు కుర్చీ లాక్కుని తన కంప్యూటర్‌లోని ఒక ఫోల్డరు తెరిచి చూపించాడు.

పడవ చెక్కలు. ఎర్రవి, పచ్చవి, పగిలినవి. ఉప్పు తిని బుడిపెలు లేచిన రంగు. తెగిన వలలు. ఆ వరసలో నీలం పలక, దాని మీద పసుపు అక్షరాలు.

“దీనితో మొదలుపెట్టు. మంచి రంగు. ఆ అక్షరాలు తీసెయ్,” అన్నాడు.

“ఇది మలర్ పడవ.”

“తెలుసు.”

“తెలిసేనా చెప్తాండావు?”

“ఫోటోలో పడవ యాడుంది సుగంధీ? పలక ఉండాది, రంగు ఉండాది. చూసేవాడికి ఒట్టి చెక్క ఇది.”

“చూసేవాడి సంగతి ఎందుకు? నీకేంది ఇది? అది చెప్పు ముందు.”

అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. “ఆ పిల్లను మోసింది నేను. నువ్వు కాదు. నాకు నువ్వు చెప్పొద్దు.”

“మోసినోడివి గదా! చెరపమని నోరెట్లా వచ్చింది నీకు?”

“పేరుంటే టైల్ రాదు. కన్ను ఆడనే నిలబడతాది. ఇది నీకు నేర్పించిందే నేను.”

ఈ చివరి మాట అతను మామూలుగా, పని చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అతను అరిచి ఉంటే నేను కూడా నాలుగు అరుపులు అరిచి ఊరుకునేదాన్నేమో. మౌసు బల్ల మీద పెట్టి లేచాను.

“నేను చెయ్యను. నువ్వు గూడా చెయ్యొద్దు. కనగం అక్క రోజూ మన గడపలో కూచోని పోతాది అన్నా.”

“ఆమె కంప్యూటర్ చూస్తాదా?”

“చూడకపోతే?”

మెట్ల మీద నుంచి అమ్మ కేకేసింది. “ఏందిరా ఆ అరుపులు? వీధిలోకి వినపడతాంది!”

“ఏం లేదుమా,” అన్నాడు అన్న.

నేను కిందికి వచ్చేశాను. ఆ తర్వాత పడవల ఫోల్డరు మాట అతను నా దగ్గర ఎత్తలేదు. నేను గేట్ల తుప్పూ, పాత పోస్టర్ల చిరుగులూ చేసి ఇచ్చాను. అతను తన కంప్యూటర్‌ను గోడ వైపు తిప్పుకుని ఏదో పని చేసుకునేవాడు. ఆర్డరు పంపించేశానని ఒక రోజు అన్నాడు. అందులో ఏముందని నేను అడగలేదు. నా మాట విన్నాడనే అనుకున్నాను. అన్న కదా, అనుకోనా మరి?

ఫిబ్రవరిలో సౌందరరాజన్ అనే ఆయన మా ఇంటికి వచ్చాడు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై, ఒక సేవాసంస్థకు కార్యదర్శిగా ఉన్నాడు. నిదానంగా మాట్లాడే మర్యాదస్తుడు. అన్న పంపిన ఫోటోలు చూసిన మీదటే వాళ్ల సంస్థ వైతికుప్పంలో కొందరికి ఫైబర్ పడవలు ఇస్తోంది. ఆ జాబితాలో చెల్లప్పన్ ఉన్నాడని విని అమ్మ ఆయనకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. సంస్థకు ఒక వెబ్‌సైటు, పడవలు ఇచ్చే సభకు వేదిక వెనక కట్టే పెద్ద ఫ్లెక్సు, రెండూ చేసిపెట్టమని ఆయన అడిగాడు. డబ్బు వద్దు, ఊరికే చేస్తానన్నాడు అన్న. ఆ రోజు నాకు అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పొయ్యి దగ్గరకు పోయి అతనికి కాఫీ నేనే కలిపి తెచ్చాను.

సభ నాడు కనగం మా ఇంటికి చేపలు తేలేదు, పిలుపు తెచ్చింది. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. “మీరందరూ రావాల. ఆ అబ్బాయి వల్లనే గదా మాకు పడవ వచ్చింది. మా ఆయన పొద్దున్నుంచీ అదే చెప్తాన్నాడు,” అంది. మలర్ పోయాక ఆమె ముఖంలో అంత మాత్రం వెలుగు చూడటం అదే మొదలు. అమ్మా నేనూ బయలుదేరి వెళ్లాం. ఇసుకలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పక్కన వరసగా తెల్లటి కొత్త పడవలు.

వేదిక వెనక నీలం.

దూరం నుంచే నాకు తెలిసిపోయింది. ఆ నీలాన్ని మలర్ ఎంచి తెచ్చింది. ఉప్పు తిని లేచిన ఆ బుడిపెలు, పలక చీలిన ఆ వంకర గీత, ఫ్లెక్సు ఈ చివర నుంచి ఆ చివర దాకా అవే, మళ్లీ అవే, మళ్లీ అవే. వాటి మీద తెల్లటి పెద్ద అక్షరాలతో సంస్థ పేరు, అధ్యక్షుల పేర్లు, అతిథుల పేర్లు. అన్న పని తొందరలో చేసినట్టున్నాడు. పసుపంతా చెరిపాడు, ఒక్క చుక్క తప్ప. తమిళంలో ‘మలర్’ అని రాస్తే చివరి అక్షరం నెత్తిన చుక్క పెడతారు. ఆ చుక్క మిగిలిపోయింది. చిన్న చదరంలో అది రవ్వంత ఉంటుంది, కంటికి ఆనదు. ఫ్లెక్సులో మాత్రం ఒక్కొక్కటీ రూపాయి బిళ్లంత అయి, వరసలు వరసలుగా వేదిక అంతా మెరుస్తోంది.

అన్న ఎక్కడున్నాడా అని చూశాను. వేదిక పక్కన కెమెరా సరిచేసుకుంటున్నాడు. అతని దగ్గరకు వెళ్దామని రెండు అడుగులు వేశానో లేదో, ఆడవాళ్ల వరసలోంచి కనగం లేవడం కనబడింది.

ఆమె ఎవరినీ చూడలేదు. మాట్లాడుతున్న అతిథి పక్క నుంచే నడిచి వేదిక ఎక్కింది. ఫ్లెక్సు దగ్గర నిలబడి ఒక చుక్క మీద వేలు పెట్టింది. పక్క చుక్క మీద పెట్టింది. ఆ పక్క చుక్క మీద పెట్టింది. అతిథి మాట ఆపేశాడు.

“అమ్మా, కూచోండమ్మా. పేరు పేరునా పిలుస్తాం,” అన్నాడు సౌందరరాజన్ మైకులో.

కనగం వెనక్కి తిరిగి జనంలో నన్ను వెతికి పట్టుకుంది. “పాప్పా, ఇట్లా రా.”

వెళ్లాను.

“ఇది మా పడవ.”

“అవునక్కా.”

“ఈ చుక్క మలర్ బొటనవేలితో పెట్టింది. కుంచెతో పెడితే రంగు కారిపోతాందని. నేను పక్కనే కూచోనుండినా. ఇది దాని వేలు.” ఆమె గొంతు పెంచలేదు. మైకు దగ్గరలో ఉండటంతో ప్రతి మాటా ఒడ్డంతా వినబడుతోంది. “చుక్క ఉండాది, కడమ పేరు యాడ పోయింది?”

“చెరిగిపోయింది అక్కా.”

“అలలోనా?”

అవునని చెప్పి ఉండొచ్చు నేను. ఆ పలక నిలబెట్టి ఫోటో తీసినప్పుడు ఆమె అక్కడ లేదు, అలలే తుడిచేశాయి అంటే నమ్మేది. సభ జరిగిపోయేది. ముందు వరసలోంచి అమ్మ నావైపే చూస్తోంది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కెమెరా పట్టుకున్న అన్న చెయ్యి కిందికి దిగిపోయింది.

“కాదక్కా. మా అన్న,” అన్నాను.

కనగం అతన్ని చూసింది. ఆమె కళ్లలో ముందు కోపం రాలేదు. అర్థం కానట్టు చూసింది. “నా బిడ్డను చేతుల మీద మోసిన పిల్లోడు గదా,” అంది. “పేరు తెలీకనా?”

సౌందరరాజన్ ఫ్లెక్సునీ అన్ననీ మార్చి మార్చి చూస్తున్నాడు. పాపం, ఆయనకు ఏమీ తెలియదు. సముద్రం కళ ఉంది ఈ నీలంలో అని మెచ్చుకున్నాడట, అంతే. చెల్లప్పన్ వచ్చి పెళ్లాం భుజం పట్టుకుని కిందికి దించాడు. కాసేపటికి ఆయన పేరు పిలిచారు. పైకి వెళ్లి పడవ కాగితం తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు? కడుపుకు తినాలి కదా. మర్నాడు పేపర్లో ఆ ఫోటోనే వేశారు. తలవంచుకుని కాగితం అందుకుంటున్న చెల్లప్పన్, వెనక ఆ నీలం.

ఇంటికొచ్చాక అన్న తలుపు మూసి అరిచాడు.

“పదిమందిలో నా పేరు చెప్పినావు!”

“పదిమందిలో కట్టింది నువ్వు. నేను చెప్పినా, అంతే.”

“నా పరువు తీసినావు. మళ్లీ ఆ కుప్పంలో నేను తలెత్తుకోని తిరగాల్నా? వాళ్లకు పడవలు వచ్చింది నా ఫోటోల వల్ల కాదా? చెప్పు, కాదా?”

“ఒక ఫోటో తీసి రెండు పనులు చేసినావు. ఒకటే చెప్పుకుంటే ఎట్లా?”

“ఏం తప్పు చేసినా నేను? ఏం దొంగతనం చేసినా? ఒడ్డు మీద పడున్న చెక్క అది!”

“చెల్లప్పన్ అన్న ఆ చెక్క ఎత్తి పట్టుకునింది నీకు టైల్ చేసుకోను కాదు.”

జవాబు లేనప్పుడు మా అన్న గొంతు తగ్గిస్తాడు. “ఇప్పుడు ఏం చెయ్యమంటావు? ఆ చదరం సీడీలో పోయింది. అది ఇంక నాది కాదు. యాడయాడ ఎవరి పేజీల ఎనకాల ఉందో నాకే తెలీదు.”

నిజమే. నేను ఆ విదేశీ కంపెనీకి మెయిల్ రాశాను, ఉన్నదున్నట్టు రాశాను. మీ బాధ మాకు అర్థమైంది, కానీ అమ్ముడైన వాటిని వెనక్కి తెప్పించడం కుదరదు అని చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఆ మర్యాదకు నేను పళ్లు కొరుక్కున్నాను. ఎక్కడో ఎవరో కాఫీ కొట్టువాడు, ఎవరో పెళ్లి ఫోటోలు తీసేవాడు, తమ పేజీ వెనక మలర్ పడవను పరుచుకుని కూర్చుని ఉంటారు. దాని మీద ధరలు రాసుకుంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

“అసలు ఫోటో ఉందా, దాన్ని గూడా పోగొట్టినావా?” అని అన్నను అడిగాను.

“ఉండాది.”

“ఇయ్యి.”

స్టూడియోలో పెద్దగా ప్రింటు వేయించి కనగం దగ్గరకు తీసుకుపోయాను. కుప్పంలో తడికెలతో కట్టిన తాత్కాలికపు గుడిసెలో ఉంటున్నారు అప్పటికింకా. ఆమె ఫోటోను చూసింది. చూడగానే రెండు చేతులూ వాటంతటవే చాచింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

“నువ్విస్తే తీసుకోను పాప్పా. నీ మీద కోపం కాదు. చెరిపిన చెయ్యి తెచ్చియ్యాల.”

ఈ మాట ఇంట్లో చెప్పాను. అన్న విని, “వాళ్ల కాళ్లు గూడా పట్టుకోమనిందా?” అన్నాడు. అప్పటిదాకా ఒక్క మాటా అనని అమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది.

“పో నాయనా. పోయి ఇచ్చి రా. ఆమె గంప మన గడపలో దిగి ఎన్ని దినాలయింది చూసినావా? పక్క వీధిలో అరుస్తాది, మన ఇంటి ముందు నోరు మూసుకుని పోతాది. నాకు సిగ్గుగా ఉండాది.”

“నాకు సిగ్గు లేదుమా. నేనేం తప్పు చెయ్యలేదు.”

“అయితే నీ మిషన్లు ఎత్తుకోని పో. ఆ పని నా ఇంటి మీద వద్దు,” అంది అమ్మ.

అమ్మ అంత మాట అంటుందని నేను అనుకోలేదు. అన్న అసలే అనుకోలేదు. పట్టుదలకు పోయి, ఆ వారంలోనే కంప్యూటర్లు రెండూ ఆటోలో వేసుకుని మేట్టుపాళయం వెళ్లిపోయాడు. స్నేహితుడి గోడౌను పైన గది ఖాళీగా ఉందట. మేడ మీద బల్లలున్న చోట గచ్చు మీద తెల్లటి గుర్తులు మిగిలాయి. అమ్మ ఆ గది కడిగి తాళం వేసింది. నేను పెళ్లి కార్డులు అచ్చువేసే ప్రెస్సులో పనికి చేరాను. ఇంట్లో ఇద్దరమే అయ్యాం. అమ్మ పొద్దున పూట పక్క వీధికి పోయి కనగం దగ్గర చేపలు కొనుక్కొచ్చేది. కనగం ఇచ్చేది, మాట్లాడేది కాదు.

ఏప్రిల్‌లో, చేపల వేట నిషేధం మొదలయ్యే ముందు, ఒక ఆదివారం అన్న వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. లోపలికి రాలేదు. వీధి గేటు పట్టుకుని, “ఆ ఫోటో యాడుంది?” అని అడిగాడు.

ఎందుకు మనసు మారిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు, అతను చెప్పలేదు. అమ్మ బీరువాలోంచి ఫోటో తెచ్చి అతని చేతిలో పెట్టింది. “నువ్వు గూడా రా,” అన్నాడు నాతో. అతని బండి వెనక కూర్చుని వెళ్లాను.

చెల్లప్పన్ లేడు, సముద్రంలోకి వెళ్లాడు. కనగం గుడిసె ముందు కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుంది. అన్న ఫోటో అందించాడు. ఆమె తీసుకోలేదు.

“నాకు చదువు రాదు,” అంది. “ఏం రాసుందో చదువు.”

అన్న ఫోటో వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “మలర్.”

“వినపడలే.”

“మలర్.”

“ఇంకోసారి.”

పక్క గుడిసెల్లోని ఆడవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలి కలగాలి. కలగలేదు.

“మలర్,” అన్నాడు, ఈసారి ఏడుస్తూ.

కనగం అప్పుడు ఫోటో తీసుకుంది. చీర కొంగుతో దాని మీది వేలి ముద్రలు తుడిచింది. కూర్చోమనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. లోపలికి వెళ్లి తడిక తలుపు దగ్గరికి లాక్కుంది.

బండి దగ్గర అన్న తాళంచెవి చేతిలో పట్టుకుని ఊరికే నిలబడిపోయాడు.

“మన్నించినట్టేనా?” అని అడిగాడు.

“ఆమె చదవమనింది, నువ్వు చదివినావు. ఆమె అడిగింది అంతే అన్నా.”

“నువ్వు?”

నేను చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాను. అతను బండి తిప్పి, స్టార్టు చేసి, ఎక్కమన్నట్టు తల ఊపాడు. నేను ఎక్కలేదు. కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాను. అతను వెళ్లిపోలేదు. బండిని నిదానంగా నా పక్కనే తోలుకుంటూ చాలా దూరం వచ్చాడు. నేను తల తిప్పలేదు.